రెండు వైపులా నడిచిన నొప్పి

2081లో భీమునిపట్నంలో ఉదయం ఆరు కాగానే ఇళ్ల గోడలు వాటంతటవే తెల్లబడతాయి. పధ్నాలుగో అంతస్తులో సుభద్రమ్మగారి గోడ తెల్లబడేసరికి వరహాలు చేతులకు నొప్పితొడుగులు వేసుకుంటోంది.

మంచం పట్టిన మనిషి మెడ వెనక ఒక సెన్సర్ పట్టీ అతికిస్తారు. ఎక్కడ పట్టుకుంటే బాధ కలుగుతుందో ఆ నరాల సంకేతాలను అది అందుకుని, సాయం చేసేవాళ్ల అరచేతికి తొడుగు ద్వారా వేడిగా పంపుతుంది. వేడి తగిలితే పట్టు మార్చుకోవాలి. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయిన సుభద్రమ్మను నాలుగేళ్లుగా వరహాలు అలాగే లేపి కుర్చీలో కూర్చోబెడుతోంది, స్నానం చేయిస్తోంది.

ఆ రోజు తొడుగును కనిపెట్టిన డాక్టర్ రెహానాయే వచ్చింది.

"అమ్మా, మీ రికార్డు చూశాను. మూడు నెలలుగా సగం బరువు మీరే మోసుకుంటున్నారు. ఇక మీకు మనిషి అక్కర్లేదు, యంత్రపు చెయ్యి చాలు. వరహాలును వేరే ఇంటికి పంపుతారు."

వరహాలు దుప్పటి మడత పెట్టింది. అది అప్పటికే మడిచిన దుప్పటి.

"ఆ చెయ్యి నాకు జడ వేస్తుందా?" అంది సుభద్రమ్మ.

"నేర్పిస్తాం."

"నాతో పోట్లాడ్డం కూడా నేర్పించు. ఇదైతే రోజూ పోట్లాడుతుంది."

రెహానాకు ఒకటే అంతుపట్టలేదు. వ్యాయామం చెయ్యమంటే బాగున్న కుడికాలు కూడా కదపని మనిషికి ఇంత బలం ఎలా వచ్చింది? తనే తొడుగులు వేసుకుంది. సుభద్రమ్మ చంకల కింద చేతులు పెట్టి "ఒకటి, రెండు" అంది. మూడు అనకముందే సుభద్రమ్మ కుడికాలు నేలకు అదిమిపెట్టి దాదాపు తానే లేచింది.

కుర్చీలో కుదురుకుని అడిగింది. "నీకు నడుంనొప్పి ఎన్నాళ్ల నుంచి, అమ్మాయ్?"

రెహానా ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

"నా నొప్పి మీకు తెలుస్తుందన్నారు. మీ నొప్పి నాకు తెలుస్తుందని ఎవరూ చెప్పలేదు," అంది సుభద్రమ్మ. "ఇది నన్ను లేపినప్పుడల్లా దీని కుడిభుజం నొప్పి నా భుజంలో పొడిచేది. అడిగితే ఏం లేదంటుంది."

"సెప్తే పని మానిపించేత్తారని," అంది వరహాలు నేలకేసి చూస్తూ.

"అందుకే అది వంటింట్లో ఉన్నప్పుడు కాలు నేలకు నొక్కి నొక్కి అలవాటు చేసుకున్నా. నా కోసమైతే బద్ధకం."

రెహానా తన చేతిలోని తెరపలకలో సంకేతాల దారి చూసింది. నిజమే. తొడుగు నుంచి పట్టీకి వెనక్కి వెళ్లే దారిని మూయడం తానే మరిచిపోయింది. 'లోపం సవరించు' అన్న మీట మీదికి వెళ్లిన వేలు అక్కడే ఆగింది. ఆ మీట వదిలేసి, కింద ఉత్తర్వు రాసింది: 'ఈమె లేస్తున్నది వరహాలు కోసం. వరహాలును మార్చరాదు. ముందు ఆమె భుజానికి వైద్యం చేయించాలి.'

వరహాలు అది రెండుసార్లు చదివించుకుంది. తర్వాత దిగులుగా అంది. "భుజం నయమైపోతే అమ్మగారు మళ్లీ కాలు కదపరేమో, డాక్టరమ్మా."

"కదపకేం," అంది సుభద్రమ్మ. "అప్పుడు ఈ కుర్చీలో నువ్వు కూర్చుందువుగాని. ఒంటిచేత్తోనైనా నీకు జడ వెయ్యాలంటే నేను నిలబడాలి కదా."