రెండు వెలుగు వలయాలు

"ఇవాళ నాలుగు గంటలకి నా సీటు పోతుందండీ," అంది ఆ అమ్మాయి, డిటెక్టివ్ కుర్చీ చూపించినా కూర్చోకుండా.

ఆమె విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో పాథాలజీ పీజీ ఆఖరి సంవత్సరం విద్యార్థిని. ముప్ఫై ఏళ్లుగా పాఠాలకు వాడుతున్న పాత స్లైడ్లను థీసిస్ కోసం మళ్లీ పరిశీలిస్తోంది. నిన్న మధ్యాహ్నం 214వ స్లైడు దగ్గర ఆగిపోయింది. హానిలేని గడ్డ అని చీటీ మీద ఉంది. ఆమె కంటికి అది క్యాన్సర్. నేలమాళిగలోని ఆ గదిలో సిగ్నల్ రాదు కనుక పైకి వెళ్లి, గైడుగా ఉన్న ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పింది. క్లాసులో ఉన్నాను, సాయంత్రం చూస్తానన్నాడాయన. టీ తాగి పావుగంటకు తిరిగొస్తే మైక్రోస్కోపు మీద స్లైడు లేదు.

"నేనే పగలగొట్టి దాచానంటున్నారు. ఫిర్యాదు మీద మా సారే సంతకం పెట్టారు. నాలుగింటికి విచారణ కమిటీ నన్ను తీసేస్తే మూడేళ్లూ మట్టిపాలు."

డిటెక్టివ్ చొక్కా చేతులు దించుకుని లేచాడు. సహాయకుడు నోటుపుస్తకంతో వెంట నడిచాడు.

నిన్నటినుంచీ తాళం వేసి ఉన్న నేలమాళిగలోని స్లైడ్ల గదిని దాని బాధ్యురాలు తెరిచింది. యాభై ఏళ్ల మనిషి. స్లైడు పోయినప్పుడు భోజనానికి వెళ్లానని చెప్పింది.

"214ని ఇచ్చిందెవరమ్మా?"

"ఈ అమ్మాయి గైడు ప్రొఫెసర్‌గారే బాబూ, ఆయన పీజీ చదివేటప్పుడు." రిజిస్టరు తెచ్చి పేజీ తీసింది. రోగి పేరు దగ్గర డిటెక్టివ్ వేలు కొంచెంసేపు ఆగింది. ఇంటిపేరు గమనించమని సహాయకుడికి కళ్లతోనే చెప్పాడు.

తర్వాత ఆ అమ్మాయిని మైక్రోస్కోపులో చూడమన్నాడు. ఆమె కళ్లు ఆనించి వెంటనే వెనక్కి జరిగింది.

"వెలుగు రెండు వలయాలుగా కనిపిస్తోంది. ఒకటిగా కలవట్లేదు. ఇది నా దూరం కాదు."

ఒక్కొక్కరి కళ్ల మధ్య దూరం ఒక్కోలా ఉంటుంది. దాన్నిబట్టి మైక్రోస్కోపులో కళ్లు ఆనించే రెండు గొట్టాలనూ దగ్గరికో దూరానికో జరుపుకోవాలి. వాటి మధ్య కొలత చెప్పే అంకె ఉంటుంది. ఆమెది యాభై ఎనిమిది. ఇప్పుడు డెబ్భై ఒకటి మీద ఉంది.

"స్లైడు పోయాక మీరు మళ్లీ ఇక్కడ కూర్చున్నారా?"

"లేదండీ. అప్పుడే తాళం వేసేశారు."

"దొంగ ఎత్తుకుపోతాడు. చూడడు," అన్నాడు డిటెక్టివ్ నెమ్మదిగా. "ఈ వచ్చినవాడు ముందు చూశాడు."

మూడున్నరకి ప్రిన్సిపాల్, ప్రొఫెసర్, ల్యాబ్ టెక్నీషియన్, గది బాధ్యురాలు అక్కడే చేరారు. డిటెక్టివ్ ఇంకో స్లైడు పెట్టి, ప్రిన్సిపాల్ తప్ప మిగతావారిని ఒక్కొక్కరిగా మైక్రోస్కోపులో చూసి అదేమిటో చెప్పమన్నాడు. ప్రతిసారీ సహాయకుడు గొట్టాలను డెబ్భై ఒకటికి తెచ్చి పెడుతున్నాడు.

"నాకు సూదిలో దారమే ఎక్కదు, ఇదేం పరీక్ష," అని గొణుగుతూ బాధ్యురాలు గొట్టాలను పట్టుకుని అటూఇటూ లాగింది. టెక్నీషియన్ కూర్చుంటూనే వాటిని దగ్గరికి నొక్కాడు. ప్రొఫెసర్ కూర్చుని, చేతులు ఒళ్లోనే ఉంచుకుని, "కాలేయం," అన్నాడు.

గొట్టాలు డెబ్భై ఒకటి మీదే ఉన్నాయని సహాయకుడు నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

"ఈ గొట్టాలు నిన్నటినుంచీ మీ కళ్ల కొలతకే ఉన్నాయి సార్," అన్నాడు డిటెక్టివ్. "ఫోన్ పెట్టగానే క్లాసు వదిలి దిగొచ్చారు. చూశారు. చూశాక దాన్ని అక్కడ వదల్లేకపోయారు. రిజిస్టర్లో రోగి ఇంటిపేరు మీ గది తలుపు మీదా ఉంది. ఆవిడ మీకేమవుతారు?"

ప్రొఫెసర్ జేబులోంచి రుమాలు తీసి బల్లమీద విప్పాడు. లోపల స్లైడు చెక్కుచెదరకుండా ఉంది.

"మా అక్క," అన్నాడు. "నేనే చూసి, ఏం కాదక్కా అని ఇంటికి పంపాను. ఏడాది తిరక్కుండా పోయింది. వేరే జబ్బు అనుకున్నాం. ఇది మాత్రం చక్కటి ఉదాహరణని పాఠాలకిచ్చాను. ముప్ఫై బ్యాచ్‌లకి హానిలేనిది ఇలా ఉంటుందని దీన్నే చూపించాను."

ప్రిన్సిపాల్ ముందుకొచ్చి స్లైడు మీది చీటీ చదివాడు.

"నా మీద ఎందుకు పెట్టారు సార్?" అంది ఆ అమ్మాయి. గొంతులో కోపం లేదు, ఇంకా నమ్మలేకపోతోంది.

"నీ మాటని ఎవరూ నమ్మకూడదని." ఆయన తలెత్తి, పరీక్షకుడి ముందు కూర్చున్న విద్యార్థిలా ఆమెను చూశాడు. "నువ్వు చెప్పు. అప్పుడే కనిపెట్టుంటే బతికేదా?"

ఆమె సంచిలో ఉన్న థీసిస్ ప్రతి మీద ఆయన సంతకం ఇంకా పడలేదు. అది ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె స్లైడును వెలుగుకెత్తి చూసింది.

"బతికేదేమో సార్," అంది.

ఆయన తలూపి, కలం తీసి, థీసిస్ ఇలా ఇమ్మని చెయ్యి చాచాడు.