తడి ఆరని రాకెట్టు

"మీ రాకెట్టు తోక నా స్కానర్ అద్దానికి అంటుకుంది. వచ్చి తుడవండి."

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇదే. నేను పత్రికకి రోజూ మూడు గళ్ళ అంతరిక్షం కామిక్ గీసేవాణ్ణి. తనది స్కానింగ్ సెక్షన్. సిరా ఆరకముందే బొమ్మ ఇచ్చినందుకు నాచేత అద్దం తుడిపించి, ఇకమీదట ఆరేదాకా తన ఎదురుగా కూర్చోమని శిక్ష వేసింది.

శిక్షట! మర్నాటి నుంచి నేను కావాలనే ఆకాశం నలుపు ఆఫీసుకొచ్చాకే పూసేవాణ్ణి. నలుపు ఎంత ఎక్కువైతే అంతసేపు కూర్చోవచ్చు. మీ కథలో ఇక తెల్లవారదా అని పాఠకులు అడగడం మొదలుపెట్టారు.

మీ ఇంట్లో ఫ్యాన్ లేదా అని అడిగింది ఒకసారి. ఉంది కానీ గాలి రాదన్నాను. తలొంచుకుని నవ్వుకుంది. జుట్టుముడిలో పెన్సిల్ గుచ్చుకుని, ఎడమచేత్తో పనిచేసే పిల్ల. నా కథలో కెప్టెన్‌కి కూడా మెల్లగా ఎడమచేతివాటం వచ్చింది, ముడిలోకి పెన్సిలూ వచ్చింది. ఒట్టు, నేను గమనించనే లేదు.

ఇంతలో ఎడిటరుగారు పిలిచి, శనివారంతో కామిక్ ఆపేద్దామన్నారు. కామిక్ లేకపోతే ఆ గదిలో నాకేం పని? ఏ వంకతో వెళ్ళి కూర్చోను?

చివరి బొమ్మలో కెప్టెన్ వేరే నక్షత్రానికి వెళ్ళిపోతుంది. మొదట్నుంచీ ఆమె వెంటే ఉన్న రాకెట్టు మెకానిక్ మెట్ల దగ్గర నిలబడి "వెళ్ళి రండి, కెప్టెన్" అంటాడు. ఉక్రోషంకొద్దీ ఇంట్లోనే ముగించి, బాగా ఆరబెట్టి మరీ తీసుకెళ్ళాను.

బొమ్మ మీద వేలు రాసి చూసింది. "ఆరిపోయిందే," అంది, మొహం చిన్నబుచ్చుకుని.

తర్వాత చదివింది. మెకానిక్ ఇన్నాళ్ళూ నోట్లో నాలుక లేనట్టు కెప్టెన్ వెనకాలే తిరిగాడే, చివరికి ఈ మాట అనడానికా అని నిలదీసింది. మెకానిక్ కాస్త భయస్తుడని నసిగాను.

"కెప్టెన్ బొమ్మ చూసి, నీకు అంతరిక్షంలో ఉద్యోగం ఎప్పుడొచ్చిందే అని మా అమ్మ ఎప్పుడో అడిగింది. ఆ మెకానిక్‌కి నోరు ఎప్పుడొస్తుందా అని నేనే చూస్తున్నాను," అంటూ తెల్లరంగు సీసా నా ముందు పెట్టింది.

ఆ మాట మీద తెల్లరంగు పూశాను. ఆరడానికి నేను ఊదాను, తనూ ఊదింది. అప్పుడు రాశాను: "నన్నూ తీసుకెళ్ళండి." కెప్టెన్ పక్కన కాస్త ఖాళీ ఉంటే, తనే ఎడమచేత్తో రాసింది: "ఎక్కు. ఎంత ఆలస్యం చేశావు!"

"ఇది కథ కోసం కాదండీ. మీరంటే నాకు ఇష్టం."

"తెలుసు. ఇక ఆ 'అండీ' ఆపు."

శనివారం కామిక్ అచ్చయింది. ఆదివారం, అసలు బొమ్మ పట్టుకుని ఇంటికి రమ్మని వాళ్ళమ్మగారి కబురు. అచ్చులో దిద్దుబాటు కనబడదు. అసలు కాగితం మీద తెల్లరంగు దళసరిగా లేచి ఉంది. అమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని సరిగ్గా అక్కడే వేలు పెట్టారు.

"దీని కింద ఏముంది బాబూ?"

"'వెళ్ళి రండి' అని రాశానండీ."

నన్ను ఎగాదిగా చూశారు. కూతుర్ని చూశారు. కుర్చీ నా వైపు లాగారు.

"మంచిపని చేశావు, చెరిపేశావు. కూర్చో. సిరా ఆరేదాకా ఉండి వెళ్దువుగాని."

సిరా ఎప్పుడో ఆరిపోయింది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. కూర్చున్నాను.