అమ్మ గురువారం

టీచర్ రాలేదని ఆ గురువారం రెండు గంటలకే బడి వదిలేశారు. లూబ్నా సంచి భుజాన వేసుకుని మొరాకోలోని ఫెస్ పాతబస్తీ సందుల్లో పరుగెత్తుతోంది. మహిళా సంఘం వాళ్ళ ఇంటి తలుపు తెరిచి ఉంది. లోపల అయిదారుగురు ముసలివాళ్ళు కూర్చుని బఠానీలు వలుస్తున్నారు. వాళ్ళ మధ్య నాన్నమ్మ ఉంది!

లూబ్నా ఆగిపోయింది. నాన్నమ్మకు రెండేళ్ళుగా మతిమరుపు జబ్బు. ప్రతి గురువారం అమ్మ ఆమెను మోకాళ్ళ వైద్యానికి తీసుకెళ్తోందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. మరి అమ్మ ఏది?

అమ్మ హమ్మామ్‌కు వెళ్ళిందనీ, నాలుగింటికి వచ్చి తీసుకెళ్తుందనీ అక్కడి ఆవిడ చెప్పింది. హమ్మామ్ అంటే వీధి చివర ఆడవాళ్ళందరూ వెళ్ళే వేడినీళ్ళ స్నానాల ఇల్లు.

లూబ్నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్నమ్మను పరాయివాళ్ళ దగ్గర పడేసి అమ్మ హాయిగా స్నానానికి వెళ్ళిందా? పైగా అబద్ధం కూడానా?

మర్నాడు శుక్రవారం. బతూల్ అత్త భోజనానికి వచ్చింది. ఆవిడ నాన్నకు అక్క, మూడిళ్ళ అవతలే ఉంటుంది. పెద్ద పళ్ళెంలో ఆవిరి మీద ఉడికించిన గోధుమరవ్వ కుస్‌కుస్ పెట్టుకుని అందరూ చుట్టూ కూర్చున్నారు. ఆ పళ్ళెం దగ్గర గొడవ మాట ఎత్తకూడదని మా వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. లూబ్నా సరిగ్గా అక్కడే ఎత్తింది. తాను చూసిందంతా చెప్పేసింది.

అత్త అమ్మ వైపు తిరిగి అగ్గి మీద గుగ్గిలమైంది.

"మా అమ్మేమన్నా దిక్కులేనిదా నజాత్? బిడ్డలున్న మనిషిని ఎవరికో అప్పగిస్తావా? రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అమ్మ మెత్తగా ఉడికిన గుమ్మడి ముక్క ఒకటి తీసి నాన్నమ్మ వైపు జరిపింది. ఇక పంపొద్దని నాన్న తల ఎత్తకుండానే అన్నాడు.

ఈ బతూల్ అత్త రెండేళ్ళలో తల్లికి ఒక్కసారి తల దువ్విన పాపాన పోలేదు. ఒడ్డున కూర్చున్నవాళ్ళు ఎన్ని కబుర్లైనా చెప్తారు. నాన్న మాత్రం తక్కువ తిన్నాడా? తన కన్నతల్లి రాత్రి ఎన్నిసార్లు లేస్తుందో కూడా ఆయనకు తెలియదు.

గురువారాలు ఆగిపోయాయి. అమ్మ పిండి పిసుకుతూ కునికేది. ఒకరోజు పుదీనా టీలో పంచదారకు బదులు ఉప్పు వేసింది. దానికీ నాన్న విసుక్కున్నాడు.

మూడో గురువారానికి బడికి సెలవులిచ్చారు. లూబ్నా పెద్ద ఆరిందాలా, "నువ్వు హమ్మామ్‌కు వెళ్ళిరా అమ్మా. నాన్నమ్మను నేను చూసుకుంటా. దీనికి పరాయివాళ్ళు ఎందుకు?" అంది.

అమ్మ తువ్వాలు తీసుకుంది. రెండు గంటల్లో వస్తానని చెప్పి వెళ్ళింది.

మొదటి పావుగంట బాగానే గడిచింది. తర్వాత రొట్టెలు పొయ్యికి పంపావా అని నాన్నమ్మ అడిగింది. వీధికంతటికీ ఒకటే రొట్టెల పొయ్యి. పిండి ముద్దల్ని చెక్కపలక మీద పెట్టి పొద్దున్నే పంపేశారు. అదే చెప్పింది లూబ్నా. నాన్నమ్మ మళ్ళీ అడిగింది. మళ్ళీ. ఇరవై రెండు దాకా లెక్కపెట్టి లూబ్నా మానేసింది.

ఇంతలో నాన్నమ్మ బట్టలు తడిపేసుకుంది. మార్చబోతే, దొంగ అనుకుని లూబ్నా చెయ్యి రక్తం వచ్చేలా గీరేసింది.

"ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉండలేవా?" అని లూబ్నా అరిచింది.

నాన్నమ్మ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది. ఎవరో కొట్టబోతున్నట్టు. లూబ్నాకు తనను చూసి తనకే భయం వేసింది.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వీధి తలుపు తెరిచి ఉంది. నాన్నమ్మ ఇంట్లో ఉన్న ఇంకో ఖాళీ పలక నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా సందులో పోతోంది. ఎదురుగా తోళ్ళ మోపులతో కంచరగాడిద వస్తోంది. పొయ్యి దగ్గరి పెద్దాయన చూసి లాగకపోతే ఏమయ్యేదో. నాన్నమ్మను ఇంటికి తెచ్చి కూర్చోబెట్టి, "ఈమె దగ్గర నువ్వొక్కదానివేనా?" అని ఆయన అడిగాడు. లూబ్నాకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఎప్పుడూ ఒక్కతే.

అమ్మ వచ్చి గీరుకుపోయిన చెయ్యి చూసింది. తిట్టలేదు. నూనె రాసింది.

"అమ్మా, నాన్నమ్మ మీద అరిచాను."

"నేనూ అరిచాను, లూబ్నా. ఒకసారి చెయ్యి కూడా ఎత్తాను. ఆ మర్నాడే సంఘం ఇంటికి వెళ్ళి అడిగాను."

"మరి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నిజం తెలిస్తే ఏమైందో చూశావుగా."

లూబ్నా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ సాయంత్రం నాన్నకు చెయ్యి చూపించింది. జరిగిందంతా, తాను అరిచింది కూడా, దాచకుండా చెప్పింది. నాన్న సరే పంపండి అన్నాడు. ఆ ముక్క ముందే అనుంటే నోటి ముత్యాలు రాలిపోయేవా?

తరువాతి గురువారం లూబ్నా తానే నాన్నమ్మకు చెప్పులు తొడిగి, చెయ్యి పట్టుకుని బయల్దేరింది. మీ అత్త చూస్తుంది, వెనక సందులోంచి వెళ్ళమని అమ్మ అంది. లూబ్నా ముందు సందులోంచే వెళ్ళింది.

బతూల్ అత్త పక్కింటి ఆడవాళ్ళతో గుమ్మంలో కూర్చుని ఉంది. ఎక్కడికే అని అడిగింది.

"సంఘం ఇంటికత్తా. అమ్మకు కాస్త తెరిపి కావాలి. నీకు వీలైతే నాన్నమ్మను నీ దగ్గరే ఉంచుతా. నాలుగింటి దాకానే."

"ఇది మా బతూల్ ఇల్లు కదూ," అంటూ నాన్నమ్మ అప్పటికే ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

అత్త పక్కవాళ్ళ వైపు చూసింది. చుట్టాలు వస్తున్నారంది. నడుం నొప్పి అంది.

"పోనీ వచ్చే గురువారం?"

అత్త ఒళ్ళో ఉన్న కొత్తిమీర కట్ట విప్పి ఆకులు ఏరడం మొదలుపెట్టింది.

లూబ్నా నాన్నమ్మ కాలును మెల్లగా మెట్టు మీంచి దింపించింది. నాన్నమ్మ వెనక్కి చూస్తూ చూస్తూ నడిచింది. లూబ్నా ఆమె చెయ్యి వదల్లేదు. సంఘం ఇంటి గుమ్మంలో నిలబడి, వీధంతా వినేలా సలాం చెప్పింది.