అడ్డంగా ఊపితే అవును

ఇంజన్ ఆగీ ఆగగానే నెవెనా విమానంలోంచి కిందికి దూకింది. హెడ్‌ఫోన్ ఇంకా మెడలోనే వేలాడుతోంది. ముఖం కందగడ్డలా ఉంది.

"యావోర్! ఎక్కడ దాక్కున్నావ్? బయటికి రా!"

దాక్కోవాల్సిన ఖర్మ అతనికేం పట్టలేదు. పిడికిట్లో చిన్న ఇత్తడి ముక్కతో షెడ్డు ముందే నిలబడ్డాడు. అతనికీ ఒళ్ళు మండిపోతోంది.

"నన్ను చంపేద్దామనుకున్నావా?"

"నేనా? వద్దు మొర్రో అంటుంటే ఎగిరిపోయింది ఎవరు?"

"ఎప్పుడన్నావ్ వద్దని? అంతా బిగించావా అని బొటనవేలు చూపించి అడిగాను. తల ఊపావ్!"

"ఊపాను. అడ్డంగా ఊపాను!"

"అడ్డంగా ఊపితే అవునని కదయ్యా!"

యావోర్ నాలిక్కరుచుకున్నాడు. తల అడ్డంగా ఊపితే అవునని, కిందికీ పైకీ ఊపితే కాదని బల్గేరియాలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. ఏళ్ళ తరబడి మ్యూనిక్‌లో రేడియోలు బాగుచేసి, సెలవు మీద ఊరొచ్చిన ఈ మహానుభావుడికి మాత్రం తల తిరగేసి ఊపడం అలవాటైపోయింది.

ఊరి ఫ్లయింగ్ క్లబ్బు విమానంలో అసలు రేడియో ఎప్పుడో చచ్చింది. దాని బదులు చేతిలో పట్టే చిన్న రేడియో వాడుతున్నారు. చుట్టూ రేకే కాబట్టి దాని బుల్లి యాంటెన్నాతో మాట బయటికి పోదు. అందుకని యావోర్ విమానం పొట్ట కింద ఒక యాంటెన్నా బిగించి, దాని కేబుల్‌ని సీటు వెనకున్న రేడియో దాకా లాగాడు. రెంటినీ కలిపే ఇత్తడి ముక్క కోసం షెడ్డులోకి వెళ్ళొచ్చేసరికి నెవెనా అమ్మగారు ఇంజన్ స్టార్ట్ చేసేశారు.

"పైన ఒక్క మాట వినపడితే ఒట్టు! స్తామెన్ బాబాయ్ గ్లైడర్ సరిగ్గా నా ఎదురుగా దిగుతోంది. ఆఖరి క్షణంలో పైకి లాగాను కాబట్టి సరిపోయింది. లేకపోతే పిన్నికి నా మొహం ఎలా చూపించేదాన్ని?"

"ఎగిరే ముందు రేడియో చెక్ చెయ్యాలి. చేశావా?"

చెయ్యలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఆమె గొంతు ఇంకో మెట్టు పైకి లేచింది.

"నిన్ను నమ్మాను కాబట్టి చెయ్యలేదు! చిన్నప్పట్నుంచీ నాకున్న జబ్బే అది! నీ ఒళ్ళే ఇక్కడుంది, తలకాయ మ్యూనిక్‌లోనే ఉంది. ఆదివారం బస్సెక్కితే ఒళ్ళు కూడా అక్కడికే పోతుందిగా. వెళ్ళు!"

"వెళ్ళొద్దని ఒక్కసారైనా అన్నావా?"

"అడిగావా నువ్వు?"

చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ తడుస్తున్నారు గానీ ఒక్కరూ కదల్లేదు. గ్లైడర్ దగ్గర్నుంచి నడిచొచ్చిన క్లబ్బు పెద్ద స్తామెన్ బాబాయ్ ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"చావబోయినవాణ్ణి నేను. అరవాల్సింది కూడా నేనే. వాన వెలిశాక ఆ రేడియో పరీక్షించండి. ఈసారి తలలు కాదు, నోళ్ళు వాడండి!"

వాన వెలిసింది. యావోర్ ఇత్తడి ముక్క పెట్టి, కేబుల్ దూర్చి, టిక్కుమనేదాకా తిప్పాడు. నెవెనా దాన్ని స్వయంగా లాగి చూసుకుంది.

"వినిపిస్తోందా?" రేడియోలో అడిగింది.

"వినిపిస్తోంది," అన్నాడు పుల్లవిరుపుగా.

ఇంజన్ హోరెత్తింది. అప్పుడేమైందో యావోర్‌కి, రెక్క చివరి దాకా పరిగెత్తాడు.

"నేనిక్కడే ఉండిపోనా?" అని అరిచాడు. ఆ హోరులో తన గొంతు తనకే వినపడలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని, నేల చూపించి, ఆమెని చూపించాడు.

నెవెనాకి అర్థమైంది. తల కిందికీ పైకీ గట్టిగా ఊపింది. విమానం కదిలిపోయింది.

ఇక్కడి లెక్కలో వద్దంది! ఎంత పొగరు! యావోర్ షెడ్డుకొచ్చి స్క్రూడ్రైవర్లన్నీ పెట్టెలోకి విసిరికొట్టసాగాడు. ఆదివారం దాకా ఎందుకు, రేపే పోతాను. ఏడుపు కూడా తన్నుకొచ్చింది. దాన్నీ కోపంలోనే కలిపేసుకున్నాడు.

బల్ల మీదున్న రెండో రేడియో పలికింది.

"నేల మీద మొద్దూ, వినిపిస్తోందా?"

"శుభ్రంగా వినిపిస్తోంది. నీ జవాబు కూడా అర్థమైంది."

"ఏమని?"

"వద్దని."

"తల ఎలా ఊపాను?"

"కిందికీ పైకీ."

"మ్యూనిక్‌లో అలా ఊపితే ఏమని అర్థం?"

యావోర్ చేతిలో స్క్రూడ్రైవర్ జారిపడింది.

"నీ తలకి ఎక్కే భాషలో చెప్పాను, దద్దమ్మా! నా కోపం ఏమీ తగ్గలేదు, దిగాక ఇంకా తిడతాను. ఆ బస్సు టికెట్ మాత్రం వాపసు ఇచ్చెయ్."

గుమ్మంలో నిలబడి వింటున్న స్తామెన్ బాబాయ్ వచ్చి రేడియో లాక్కున్నాడు. "అమ్మాయ్, లోయంతా వింటోంది. మీ అమ్మతో సహా!"

"విననీ బాబాయ్. యాంటెన్నా అంత బాగా బిగించాడు మరి. ఏం, మాట్లాడడేం?"

"రేడియో నా చేతిలో ఉందిగా. తల ఊపుతున్నాడు."

"ఎలా?"

"అడ్డంగా."



"వాళ్ళ అడ్డమా, మన అడ్డమా?"

బాబాయ్ యావోర్ ముఖంలోకి తేరిపార చూశాడు.

"మనదేనమ్మా."