కోచ్ గారి నవ్వుల క్విజ్

ఉదయం ఏడున్నర అయింది. కోచ్ గారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, చెక్కిన పెన్సిల్‌నే మళ్లీ చెక్కుతున్నారు. పక్కన టీ చల్లారి మీగడ కట్టింది. ఎదురుగా ఉన్న తెల్లకాగితం మీద ఒకే ఒక్క వాక్యం ఉంది.

"ఇదిగో, ఇది విను. చదరంగంలో గుర్రం రెండున్నర గళ్లు ఎందుకు నడుస్తుంది?"

ఆయన భార్య కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. చీటీలో డాక్టరు రాసిన నంబరు చూసి, మనిషి మొహానికి సరిపడే ఫ్రేము వెతికిపెడుతుంది. ఎనిమిదిన్నరకల్లా షాపులో ఉండాలి. మధ్యాహ్నం డబ్బాకి మూత పెడుతూ "ఎందుకు?" అంది.

"ఎందుకంటే అదే దాని నియమం."

ఆవిడ ఆగి, ఇంకేమైనా వస్తుందేమోనని చూసింది. ఏమీ రాలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది. నవ్వు రాలేదా?"

"వస్తుందేమోననే చూస్తున్నానండీ."

కోచ్ గారు పెన్సిల్ కింద పెట్టేశారు. చెస్ క్లబ్బుకి పాతికేళ్లు నిండుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం సభ. "ఈసారి ఉపన్యాసాలు వద్దు, చదరంగం మీద నవ్వించే క్విజ్ పెడదాం. పది ప్రశ్నలు మీరే రాసి, మీరే అడగండి" అని సెక్రటరీ ఆయన నెత్తిన పెట్టాడు. ఇరవై రెండేళ్లుగా ఆ క్లబ్బులో పిల్లలకి ఆట నేర్పుతున్న మనిషి కాదనలేకపోయారు. కానీ నవ్వుకీ ఆయనకీ ఎప్పుడూ పడలేదు. ఇంట్లో ఆయన నవ్వుతున్న ఫొటో ఒక్కటే ఉంది. అది కూడా తుమ్మబోతుండగా తీసింది.

గది తలుపు తీసుకుని కూతురు బయటికొచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల. నాలుగేళ్ల వయసులో బల్ల అంచుకి గడ్డం ఆనించి తండ్రి ఆట చూస్తూ నిలబడేదట. అప్పటినుంచి ఆమెని అందరూ బంటు అనే పిలుస్తారు. క్లబ్బులో చాలామందికి అసలు పేరు తెలీదు.

"అమ్మా, మీ ఆయనకి చెప్పు, జోకు చివర నియమం ఉండకూడదని."

"అంత తెలిస్తే తననే రాయమని చెప్పు," అన్నారు కోచ్ గారు గోడకేసి చూస్తూ.

"మధ్యలో నేనేమైనా పోస్ట్‌మేన్‌నా?" అంది తల్లి. అనేసింది కానీ, ఎనిమిది నెలలుగా ఆవిడ ఆ ఇంట్లో చేస్తున్నది ఆ ఉద్యోగమే. ఎనిమిది నెలల క్రితం ఒక పెద్ద టోర్నమెంటు ఆరో రౌండులో, తనే గెలుస్తున్న ఆటలో, బంటు బల్ల మీది ఆట గడియారం ఆపేసింది. ఎదుటి అమ్మాయితో చెయ్యి కలిపి, ఓడిపోయినట్టు సంతకం పెట్టి హాలు దాటి వచ్చేసింది. "ఎందుకు?" అని తండ్రి అడిగితే "ఇక చాలు నాన్నా" అంది. అంతే. ఆ తర్వాత ప్రింటింగ్ షాపులో ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు షాపుకి దగ్గరలో గది చూసుకుంది. ఒకటో తారీకున వెళ్లిపోతోంది. ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. ఈలోగా ఆ ఇద్దరూ ఒక్క మాటైనా మాట్లాడుకుంటే బాగుండునని తల్లికి ఆశ. అది ఎలా జరుగుతుందో మాత్రం తెలీదు.

బంటు టీ తాగి గ్లాసు కడిగి బోర్లించింది. చెప్పులు వేసుకుంటూ, "సరే, రాస్తానని చెప్పు," అంది.

తల్లి ఆ సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ భర్తని పట్టుకుంది. "అది రాసిస్తానంది. మీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారికి దిద్దకండి. పదకొండేళ్లు అది ఆడిన ప్రతి ఆటకీ ఎర్రసిరా పెట్టారు. కవరు ఇస్తే ఇచ్చినట్టే జేబులో పెట్టుకుని, అక్కడికెళ్లి విప్పండి. నా కూతురి మీద నాకు నమ్మకముంది అన్నట్టు ఉంటుంది."

"చూసుకోకుండా అలా ఎలా..."

"ఈ ఒక్కసారికండీ."

ఆయన దుప్పటి రెండో అంచు పట్టుకుని మడతపెట్టారు. సరేనన్నట్టు తలూపారు.

గురువారం పొద్దున బంటు అంటించిన కవరు తల్లి చేతికిచ్చింది. తల్లి దాన్ని తండ్రికిచ్చింది. ఆయన దాన్ని సభకి వేసుకోబోయే చొక్కా జేబులో పెట్టి, చొక్కాని కొక్కేనికి తగిలించారు.

ఆ తర్వాత రెండు రోజులూ బంటు వాలకం వింతగా ఉంది. తండ్రి దగ్గినా, కుర్చీ జరిపినా ఉలిక్కిపడి చూసేది. శనివారం షాపుకి కూడా వెళ్లకుండా హాల్లోనే కూర్చుంది. "ఏమైనా అన్నారా?" అని తల్లిని రెండుసార్లు అడిగింది. "ఏం అంటారు? ఏమీ అనలేదు" అంటే ఆ పిల్ల మొహం వాడిపోయింది. తను రాసినందుకు ఒక మెచ్చుకోలు కోసం చూస్తోందనుకుంది తల్లి. పోనీలే, రేపు సభలో అందరూ నవ్వితే అదే చాలనుకుంది.

ఆదివారం క్లబ్బు హాలు నిండిపోయింది. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, పాత ఆటగాళ్లు, అందరూ వచ్చారు. బంటు రానంటే తల్లే లాక్కొచ్చి మూడో వరసలో పక్కన కూర్చోబెట్టుకుంది. కోచ్ గారు మైకు ముందుకొచ్చి, జేబులోంచి కవరు తీసి, అంచు జాగ్రత్తగా చింపారు.

బంటు తల్లి మణికట్టు పట్టుకుంది. "అమ్మా, ఆయన ఇంకా విప్పలేదా?"

"లేదు. నేనే విప్పొద్దన్నాను. ఏం?"

"అమ్మా, ఆపు ఆయన్ని. వెళ్లి ఆపమ్మా."

"ఇంతమందిలోనా? ఏం రాశావే?"

బంటు చెప్పేలోపు కోచ్ గారు మొదలుపెట్టేశారు. రౌండు ఫలితాలు చదివే గొంతుతోనే చదివారు.

"మొదటి ప్రశ్న. రాజు ఒకసారికి ఒక్క గడే ఎందుకు కదులుతాడు? అ, వయసు. ఆ, మోకాళ్ల నొప్పి. ఇ, పనులన్నీ మంత్రే చేసిపెడుతుంటే ఎక్కడికి వెళ్లాలో తోచక."

హాలు ఘొల్లుమంది. ఆయన ఆశ్చర్యంగా తలెత్తి చూశారు. తన నోటి మాటకి అంతమంది నవ్వడం ఆయన ఎరగరు. రెండో ప్రశ్నకి కాస్త ఉత్సాహం వచ్చింది. "ముట్టుకున్న పావుని ఆడి తీరాలి. ఈ నియమం ఇంట్లో దేనికి వర్తించదు? అ, పళ్లబుట్ట. ఆ, టీవీ రిమోటు. ఇ, కాలుతున్న ఇస్త్రీపెట్టె." పిల్లలు జవాబు అరిచారు. మూడో ప్రశ్నకి ఆయన మూతి చివర చిన్న నవ్వులాంటిది కదిలింది. దాన్ని చూసిన తల్లికి కళ్లు చెమర్చాయి. పక్కన బంటు చేతులతో మొహం కప్పుకుని ఉంది.

"నాలుగో ప్రశ్న. ఆట ఓడిన పిల్లతో ఇంటికి చేరేదాకా ఒక్క మాటా మాట్లాడని ప్రాణి ఏది? అ, ఏనుగు. ఆ, గుర్రం. ఇ, మంత్రి. ఈ, కోచ్."

నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. "ఈ! ఈ!" అని పిల్లలు గంతులేశారు. కోచ్ గారు ఆ కాగితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు. అక్కడితో ఆపేయొచ్చు. కాగితం మడిచి గొంతు బాగాలేదని చెప్పొచ్చు. కానీ మొదలుపెట్టింది మధ్యలో వదిలిపెట్టడం ఆయనకి చేతకాదు.

"ఐదో ప్రశ్న. జ్వరం నూటరెండు ఉన్నప్పుడు ఎలా ఆట మొదలుపెట్టాలి? అ, రాజు ముందున్న బంటుతో. ఆ, మంత్రి ముందున్న బంటుతో. ఇ, మాత్ర వేసుకుని, కోచ్ చూడకుండా."

చిన్నపిల్లలు నవ్వుతూనే ఉన్నారు. పెద్దవాళ్ల నవ్వు మాత్రం తగ్గింది. ఒకరిద్దరు వెనక్కి తిరిగి మూడో వరసకేసి చూశారు. తల్లి లేవబోయి, మళ్లీ కూర్చుంది. విప్పొద్దని చెప్పిన నోరు తనదే. ఆరు, ఏడు, ఎనిమిది ఎలా గడిచాయో ఆవిడకి తెలియలేదు.

"తొమ్మిదో ప్రశ్న. పన్నెండేళ్ల పిల్ల పుట్టినరోజు కేకు మీద ఎన్ని గళ్లుంటాయి? అ, అరవై నాలుగు. ఆ, అరవై నాలుగు. ఇ, అరవై నాలుగు." కింద రాసి ఉన్న జవాబు కూడా ఆయన చదివేశారు. "అరవై నాలుగు. ఆ పిల్ల అడిగింది సీతాకోకచిలుక."

ఎవరో ఒక్కరు నవ్వి, మధ్యలో ఆపేశారు.

"పదో ప్రశ్న." ఆయన గొంతు సవరించుకున్నారు. "చివరి గడికి చేరిన బంటు ఏమవ్వాలో ఎవరు నిర్ణయిస్తారు? అ, ఆడేవాళ్లు. ఆ, చూసేవాళ్లు. ఇ, బంటుని ఎవరూ అడగరు." కింద ఉన్న వాక్యం మీద ఆయన చూపు ఆగిపోయింది. దాన్ని పైకి చదవకుండా, "ఈ ప్రశ్నకి మార్కులు లేవు," అని కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. సెక్రటరీ కంగారుగా చప్పట్లు మొదలుపెట్టాడు.

సభ ముగిశాక ఆయన కనబడలేదు. తల్లీకూతుళ్లు వెతుక్కుంటూ వెళితే, సామాన్ల గదిలో స్టూలు మీద కూర్చుని, ఆట గడియారాల్లోంచి బ్యాటరీలు తీసి డబ్బాలో వేస్తున్నారు. తల్లి గుమ్మం బయటే ఆగిపోయింది. బంటు లోపలికి వెళ్లింది.

"మీరు ముందే చూస్తారనుకున్నాను నాన్నా!" అంది. "ఎప్పుడూ చూస్తారుగా! చూసి, కోపంతో నా గదిలోకి వస్తారు, అరుస్తారు, అప్పుడైనా మాట్లాడుకుంటాం అనుకున్నాను. సభకి వేరే పది ప్రశ్నలు రాసి ఉంచాను, నా బ్యాగులోనే ఉన్నాయి. మీరు రాలేదు. చదివి కూడా పట్టించుకోలేదనుకున్నాను."

"మీ అమ్మ చూడొద్దంది."

"అమ్మ మాట ఎప్పుడు విన్నారు మీరు?"

"వినక వినక ఒక్కసారి విన్నాను," అన్నారాయన.

ఏడుపో నవ్వో తెలియని శబ్దం ఒకటి బంటు గొంతులోంచి వచ్చింది. అక్కడే ఒక పెట్టె మీద కూలబడింది. "అంతమందిలో మిమ్మల్ని అలా... నేను అలా అనుకోలేదు నాన్నా."

"రాసినదాంట్లో తప్పులేమీ లేవు." ఆయన చేతిలో బ్యాటరీని అటూ ఇటూ తిప్పారు. "నాలుగోది ఒక్కటే. ఓడిపోయి నువ్వు నా పక్కన కూర్చునేదానివి. ఆట గురించి మాట్లాడితే ఏడుస్తావు. ఆట కాకుండా ఇంకేం మాట్లాడాలో నాకు తోచేది కాదు. ఇల్లు వచ్చేదాకా వెతుక్కునేవాణ్ణి. దొరికేది కాదు."

"నేను కోపం అనుకున్నాను."

"నా మొహం అలాగే ఉంటుంది."

గుమ్మం బయట తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆయన ఇంత పొడుగు మాట చెప్పగా వినలేదు. ఆయన మౌనాన్ని తను కూడా కోపమనే అనుకుంది. అలా అనుకునే పిల్లని పెంచింది. ఇద్దరి మధ్యా మాటలు మోసిందే తప్ప, ఆ మనిషికి మాట్లాడటం రాదన్న సంగతి ఒక్కనాడూ కనిపెట్టలేకపోయింది.

లోపల కోచ్ గారు చేతిలో బ్యాటరీని డబ్బాలో వేశారు.

"పదో ప్రశ్న కింద రాశావు. 'జవాబు నాకూ తెలీదు, మీకు తెలిస్తే చెప్పండి నాన్నా' అని. నాకు తెలీదమ్మా."

"నేను మళ్లీ ఆడను నాన్నా."

"ఊఁ."

"వేరే గదికి మారుతున్నాను కూడా. కోపంతో కాదు. నాకు కావాలి."

"ఊఁ."

"అర్థమైందా?"

"లేదు," అన్నారు కోచ్ గారు నిజాయితీగా. "కానీ విన్నాను."

బంటు లేచి వచ్చి, ఆయన పక్కన నేలమీద కూర్చుని, ఇంకో గడియారం తీసుకుని వెనక మూత విప్పడం మొదలుపెట్టింది.

ఒకటో తారీకున బంటు వెళ్లిపోయింది. ఆ ఒక్క మధ్యాహ్నంతో ఆ ఇంట్లో అన్నీ చక్కబడలేదు. మిగిలిన ఎనిమిది రోజుల్లో తండ్రీకూతుళ్లు మాట్లాడుకున్నవి గట్టిగా పది మాటలుండవు. ఒకరోజు ఆయన "అక్కడ నీళ్లు వస్తాయా?" అని అడిగారు. ఇంకోరోజు "మీ షాపు ఎన్నింటికి మూస్తారు?" అన్నారు. అడిగే ముందు ప్రతిసారీ రెండుసార్లు గొంతు సవరించుకునేవారు.

కొత్త గది మూడో అంతస్తులో ఉంది. పరుపు ఆయనే మోశారు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పైకి చేరాక ఎగపోస్తూ, పరుపు ఎక్కడ వెయ్యాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయారు. బంటు కిటికీ పక్కన చోటు చూపించింది. తల్లి గిన్నెలు సర్దింది, తలుపు గడియ రెండుసార్లు వేసి చూసింది, ఇక చెయ్యడానికి పనేమీ మిగల్లేదు.

మెట్ల దగ్గర కోచ్ గారు వెనక్కి తిరిగారు. "ఒక్కదానివే పడుకోవాలి. భయమేస్తే ఫోన్ చెయ్యి."

"మీకు భయమేస్తే?" అంది బంటు.

అది ఆట పట్టించడానికే అంది. కానీ ఆయన దానికి జవాబు వెతుక్కున్నారు. రెయిలింగు పట్టుకుని, తల వంచుకుని, నిజంగా వెతుక్కున్నారు.

"నేనూ చేస్తాను," అన్నారు చివరికి. "ఏం మాట్లాడాలో తెలీకపోతే, ఊరికే పట్టుకుని ఉంటాను. పెట్టెయ్యకు."

"పెట్టెయ్యను నాన్నా," అంది బంటు.

తల్లి అప్పటికే నాలుగు మెట్లు దిగింది. ఇద్దరికీ మొహం కనబడకుండా, అక్కడే ఆగి, చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది.