కెప్టెన్ పోయినాడు

"వినయ్ కుమార్ పోయినాడు సార్."

విశాఖపట్నంలో చేపల ఎగుమతి కంపెనీ బోర్డు తగిలించుకున్న ఒక పాత భవనంలో, సెక్షన్ ఫోర్టీన్ చీఫ్ దేవరాజు ఈ మాట విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఏజెంట్ వినయ్ కుమార్‌ను మార్కాపురం పంపింది తనే. కుర్రాడికి ఈమధ్యే పెళ్ళి కుదిరింది.

"ఎలా?" అన్నాడు.

"బస్సులో సార్," అన్నాడు ఫోన్ అవతల మార్కాపురం ఏజెంట్ ఫహీమ్.

"యాక్సిడెంటా?"

"కాదు సార్. గిద్దలూరు బస్సులో. సాయంత్రానికి వచ్చేస్తాడు."

దేవరాజు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయనది అమలాపురం. అక్కడ మనుషులు ఊళ్ళకు వెళ్తారు, రోజులు దగ్గరపడితే పోతారు. రెంటినీ ఒకే మాటతో కానిచ్చేసే జనం ఉంటారని ఆయనకు యాభై దాటాక తెలిసింది.

"ఇది ఆర్డర్ ఫహీమ్. ఇకమీదట రిపోర్టులో మనిషి ప్రాణంతో ఉంటే 'వెళ్ళాడు' అను. 'పోయినాడు' అన్నావంటే నేను దండ తెప్పించేస్తాను."

"అట్లనే సార్."

"అట్లనే కాదు. అలాగే."

"అలాగే సార్."

"ఇప్పుడు అసలు సంగతి విను. స్వర్ణలత. నేవీ ల్యాబ్‌లో సైంటిస్ట్. సబ్‌మెరైన్ ఎంత లోతులో ఉన్నా దాని చప్పుడు పట్టేసే సిస్టమ్ ఆమె తయారుచేసింది. సగం కంప్యూటర్లో ఉంది, మిగతా సగం ఆమె బుర్రలో ఉంది. ఆ బుర్ర కోసం ఒక విదేశీ ముఠా తిరుగుతోంది. ముఠా కోడ్‌నేమ్ 'లంగరు'. ఆమె సెలవు పెట్టి, అండమాన్‌లో యాట్, అంటే చిన్న విహార నౌక, అద్దెకు తీసుకుని, తండ్రితో దీవులు తిరగాలనుకుంటోంది. వాళ్ళది బేస్తవారిపేట దగ్గర పల్లె. ట్రిప్ బుక్ చేసుకోవడానికి మార్కాపురంలో ఒక ట్రావెల్స్‌కు వస్తోంది."

"ఏ ట్రావెల్స్ సార్?"

"నీదే."

బస్టాండు ఎదురుగా ఉన్న మౌలా ట్రావెల్స్ ఫహీమ్ గూఢచారి పనికి ముసుగు. వాళ్ళ నాన్న మౌలా సాహెబ్ పెట్టిన దుకాణం. తిరుపతికి, శ్రీశైలానికి, అజ్మీరుకు బస్సులు కట్టించడం తప్ప దానికి వేరే విద్య తెలియదు. అతన్ని కుదిపేసింది మాత్రం అది కాదు. పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో ముఖం చూపించలేక తిరుగుతున్న రోజుల్లో, పిలిచి కూర్చోబెట్టి పాస్ చేయించింది స్వర్ణలతక్కే.

"ఆమెకు విషయం చెప్పేస్తే మంచిది కదా సార్?"

"వద్దు. ఆమె మామూలుగా ఉంటేనే ముఠా బయటికొస్తుంది. యాట్ నడిపేది మన కెప్టెన్ పేతురు. యాట్ కంపెనీ తరఫున నటాషా అని ఒకామె వస్తుంది. ముఠాలో తిరుగుతూ మనకు సమాచారం ఇచ్చే డబుల్ ఏజెంట్. నమ్మొచ్చు."

"ఏదైనా తేడా వస్తే కోస్ట్ గార్డ్‌ను పంపిస్తారా?"

"మన సెక్షన్ రూల్ తెలుసుగా. ఢిల్లీ పర్మిషన్ కావాలి. అది వచ్చేసరికి పొద్దుగూకుతుంది. ఆపరేషన్‌లో మనవాడు చనిపోతే మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, నేనే పంపొచ్చు."

"అంటే ఎవరో ఒకరు చావాలా సార్?"

"రూల్ రాసింది నేను కాదు," అని దేవరాజు ఫోన్ పెట్టేశాడు.

* * *

ఫహీమ్ జీవితంలో సముద్రాన్ని చూసింది ఒక్కసారే, చీరాల దగ్గర, అదీ మోకాళ్ళ లోతు వరకు. అలాంటివాడు కిందామీదా పడి యాట్ల గురించి చదివాడు. చదివేకొద్దీ భయం పెరిగింది. గాలి ఎటు వీస్తుందో, ఆటుపోట్లు ఎప్పుడో, ఏ దీవిలో దిగొచ్చో, ఏ దీవికి పర్మిట్ కావాలో, ఏ ఒక్కటీ అతని చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నదల్లా చార్జింగ్ నిలవని ఒక ల్యాప్‌టాప్.

స్వర్ణలత తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి, చిన్నపిల్లలా మెరిసిపోతోంది. "మా నాయన బోరు ఎండిపోయిన చేన్లు తప్ప ఏం చూడలేదు ఫహీమూ. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే ఉండేచోట ఒకసారి కూర్చోబెట్టాల. అంతే నాకు."

ఆమె తండ్రి మాలకొండయ్య రేకుల పెట్టె ఒకటి మోసుకొచ్చి దుకాణం మధ్యలో పెట్టాడు.

"ఇది కుదరదు మామా," అన్నాడు ఫహీమ్. "యాట్‌లో గట్టి పెట్టెలు పెట్టే చోటు ఉండదంట. మడతపెట్టే మెత్తటి సంచులే తేవాల. డెక్ మీద చెప్పులు కూడా ఏసుకోగూడదు."

"గుడా, పడవా అది? సర్లే. కొత్త బండి ఎక్కేముందు నిమ్మకాయలు తొక్కియ్యాల గదా, చక్రాలు యాడుంటాయి దానికి?"

"చక్రాలుండవు మామా."

"మరి ఆపేదెట్ల?"

"లంగరు ఏస్తారు," అని నోరు జారి, ఫహీమ్ నాలుక కరుచుకున్నాడు. ముఠా పేరు తన నోటే వచ్చేసింది. తండ్రీకూతుళ్ళకు మాత్రం అదొక ఇనుప కొక్కెం.

అప్పుడే దుకాణం ముందు కారు ఆగింది. నల్ల కళ్ళద్దాలు, తెల్ల ప్యాంటు, సెంటు వాసన. బస్టాండులో టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. విజిటింగ్ కార్డు మీద నటాషా, యాట్ కన్సల్టెంట్. సెక్షన్ ఫైలు ప్రకారం రేషన్ కార్డు మీద నాగరత్నమ్మ.

"మేడమ్ లాంటివాళ్ళకు నేను బేర్‌బోట్ సజెస్ట్ చేస్తాను," అంది నవ్వుతూ. "ఫుల్ ప్రైవసీ ఉంటుంది."

"బేరం బోటంట పాపా," అన్నాడు మాలకొండయ్య హుషారుగా. "అదే తీసుకుందాం. ఎంతకిస్తదో అడుగు."

"బేరం కాదు మామా, బేర్. అంటే కెప్టెన్ ఉండడు, మనమే తోలుకోవాల," అన్నాడు ఫహీమ్. ముందురోజే చదివాడు కాబట్టి బతికిపోయాడు. "మాకు కెప్టెన్ కావాలండీ. పేతురు అని మంచోడున్నాడు."

నటాషా నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్ళీ వచ్చింది. ఆ ఆగడం ఫహీమ్‌కు నచ్చలేదు. ఆమె కారు కదలగానే దేవరాజుకు ఫోన్ చేశాడు.

"ఆమె మన కెప్టెన్‌ను వద్దంటోంది సార్. నాకు అనుమానంగా ఉంది."

"ముఠా ముందు నటించాలి కదయ్యా. అది ఆమె పని. నీ పని టికెట్లు. ఇంతకీ ఎక్కడుంది?"

"ఒంగోలు వెళ్ళింది సార్."

"శభాష్. మాట బాగుపడింది," అన్నాడు దేవరాజు.

ఇక ఫహీమ్ చేయగలిగింది రెండే పనులు. స్వర్ణలత తల్లి రాఘవమ్మ పెట్టిన గోంగూర పచ్చడి డబ్బా మూతలో ట్రాకర్ అమర్చాడు, ఎందుకంటే మాలకొండయ్య ప్రాణమైనా వదులుతాడు గానీ భార్య చేతి పచ్చడి వదలడు. బొత్తాల ఫోన్‌లా కనిపించే శాటిలైట్ ఫోన్ ఒకటి ఆయన జేబులో పెట్టి, ఒకటో నంబర్ నొక్కి పట్టుకుంటే తనకు వస్తుందని చెప్పాడు. బస్సెక్కేముందు స్వర్ణలత అతని భుజం తట్టి, "ఎంత బాగా ప్లాన్ చేసినావురా," అంది. ఆ మాటకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది. నోరు తెరిస్తే ఆమె ఆగిపోతుంది. ఆర్డర్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు.

* * *

యాట్ బయల్దేరే రోజు ఉదయం నుంచి ఫహీమ్ ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. మ్యాప్ మీద పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో పచ్చ చుక్క, అంటే గోంగూర డబ్బా, నిలకడగా ఉంది. ప్లాన్ ప్రకారం ముందు హేవ్‌లాక్ దీవి, ఆ తర్వాత నీల్ దీవి. తూర్పున దూరంగా ఎర్ర గీత. ఆ గీత దాటితే మన బోట్లకు ఆపే అధికారం ఉండదు. గీతకు అవతల పేరులేని ఓడ ఒకటి కదలకుండా కాచుకుని ఉంది.

చుక్క కదిలింది. హేవ్‌లాక్ వైపు తిరగాల్సిన చోట తిరగలేదు.

ఫోన్ మోగింది. మాలకొండయ్య గుసగుసగా మాట్లాడుతున్నాడు. "అల్లుడా, కెప్టెన్ పోయినాడు. ఆఫీసులో సంతకం పెట్టాలని ఆ కళ్ళద్దాలామె పంపిస్తే పోయినాడు. ఆయన తిరిగి రాకముందే ఎవరో పిల్లికళ్ళాయన ఎక్కి పడవ తీసినాడు. ఏందని అడిగితే పాపను లోపలికి నెట్టి గడియ పెట్టినారు. తలుపు తీయమంటే తీయట్లా. నేనేం చేయాల అల్లుడా?"

"మామా, నువ్వు తలుపుకాన్నే ఉండు," అన్నాడు ఫహీమ్. అవతల గరగర శబ్దం వచ్చి లైన్ తెగింది. ఫోన్లను ఆపేసే జామర్ పెట్టేశారు, ట్రాకర్ చుక్క మాత్రం కదులుతూనే ఉంది.

విశాఖ నంబర్ నొక్కాడు. దేవరాజు ఎత్తగానే, నెల రోజులుగా కష్టపడి నేర్చుకున్న అమలాపురం భాష మొత్తం గాలికి ఎగిరిపోయి, పుట్టిన ఊరి మాట వచ్చేసింది.

"సార్, పేతురు పోయినాడు. నటాషానే..."

టప్పుమని శబ్దం. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. కరెంటు ఆగింది, దాంతోపాటు బ్యాటరీలు చచ్చిన సెల్ టవర్ కూడా. ఫహీమ్ మిద్దె మీదికి పరుగెత్తాడు. ఫోన్ ఎత్తి పట్టుకుని నలుమూలలా తిరిగాడు. ఒక్క సిగ్నల్ గీత కూడా రాలేదు. కిందికొచ్చి చూస్తే, ఇన్వర్టర్ మీద, సంకేతాలు అందుకోవడమే తప్ప పంపలేని శాటిలైట్ యాంటెన్నాతో నడిచే మ్యాప్ మాత్రం బతికే ఉంది. పచ్చ చుక్క ఎర్ర గీత వైపు జరుగుతోంది.

కనిపిస్తోంది. చెప్పడానికి మనిషి లేడు. చెప్పినా ఏం లాభం? కెప్టెన్ ఎటో వెళ్ళాడంటే దేవరాజు ఢిల్లీకి రాస్తాడు, ఢిల్లీ సాయంత్రం చూస్తుంది. తన చేత్తో బుక్ చేసి, తన చేత్తో బస్సెక్కించి, అక్కను వాళ్ళకు అప్పగించాడు. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఉద్యోగం ఊడేది, అంతేగా. ఫహీమ్ తల పట్టుకుని ఏడ్చాడు. ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకపోయింది.

* * *

విశాఖపట్నంలో దేవరాజు రిసీవర్ చేతిలో పట్టుకుని రాయిలా నిలబడ్డాడు.

'పేతురు పోయినాడు.'

తను ఇచ్చిన ఆర్డర్ ఆయనకు గుర్తుంది. ఆ రోజు నుంచి ఫహీమ్ ఒక్కసారి కూడా తప్పలేదు. ఒంగోలు వెళ్ళింది. బేస్తవారిపేట వెళ్ళారు. అంత పద్ధతిగా మాట్లాడే ఏజెంట్ ఇవాళ 'పోయినాడు' అన్నాడంటే దానికి ఒకటే అర్థం.

"మన పేతురును చంపేశారు," అన్నాడు స్టాఫ్‌తో. అందరూ లేచి నిలబడ్డారు. "నటాషా మనల్ని మోసం చేసింది. కోస్ట్ గార్డ్‌కు లైన్ కలపండి. ఢిల్లీని అడగక్కర్లేదు. ట్రాకర్ చూపించే ఆ యాట్ గీత దాటకూడదు."

* * *

మార్కాపురంలో చుక్క ఎర్ర గీతను ఆనుకుంది. ఫహీమ్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి చుక్క అక్కడే ఉంది. కాసేపటికి, నమ్మలేనంత మెల్లగా, వెనక్కి తిరిగింది.

టవర్ బతకగానే మొదటి ఫోన్ బొత్తాల ఫోన్ నుంచి వచ్చింది.

"తెల్ల పడవేసుకుని మిలిట్రీవాళ్ళొచ్చినారు అల్లుడా," అన్నాడు మాలకొండయ్య. "ఆ ఓడ మీది మనుషులు నిచ్చెన దించినారు. పాపను చెయ్యి పట్టి లాగుతా ఉండారు. నేను దాని కాళ్ళు పట్టుకుని పండుకున్నా. అంతకు మించి నా చాత కాలా. ఇంకొక్క నిమిషం ఆగుంటే నా బిడ్డ నాకు లేదు. ఆ కళ్ళద్దాలామె నేను మీ మనిషినే అని అరుస్తా ఉంటే బేడీలేసినారు."

స్వర్ణలత ఫోన్ అందుకుంది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా."

"నిన్ను లెక్కల్లో అట్లనే తప్పనియ్యాల్సింది," అంది స్వర్ణలత. ఆ మాట ఫహీమ్‌కు గట్టిగానే తగిలింది. ఆమే మళ్ళీ అంది. "మా నాయన ఇంకా ఒక్క దీవి కూడా చూడలేదు. రేపటికి ఇంకో పడవ చూడు. ఈసారి దాచకుండా అన్నీ చెప్పు."

"చెప్తానక్కా," అన్నాడు.

వెంటనే దేవరాజు ఫోన్. ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు. "బాగా పనిచేశావు ఫహీమ్. పేతురు బాడీ దొరికిందా? దండ తెప్పించాను. స్టాఫంతా నిలబడే ఉన్నాం."

"బాడీ ఏంది సార్? పేతురు జెట్టీలో టీ తాగుతా ఉన్నాడంట. సంతకానికని ఆఫీసుకు పోయినాడు గదా, అదే కదా నేను చెప్పింది."

విశాఖపట్నం లైన్‌లో, కుర్చీలు లాక్కుని అందరూ కూర్చుంటున్న శబ్దం వినిపించింది.

మరుసటి వారం సెక్షన్ ఫోర్టీన్ సిబ్బందికి ఒక సర్క్యులర్ అందింది: మార్కాపురం, గిద్దలూరు ఏజెంట్ల రిపోర్టుల్లో పోయినవారు సాధారణంగా సాయంత్రానికల్లా తిరిగి వస్తారు, అంతవరకు దండలు కొనరాదు.