కొస కొరికే ఎంజైము

"ఈ మరక మీ వేలిదే కదా, నెలిదా గారూ? పొద్దున వెన్న బన్ను తిని చెయ్యి కడుక్కోవడం మర్చిపోయినట్టున్నారు."

సోమవారం సమావేశంలో కొత్తగా చేరిన అన్సెల్మో ఆ మాట అనగానే గదిలో అందరూ గొల్లుమన్నారు. నవ్వనిది ఒక్క నెలిదా. గోడకు వేలాడుతున్న ఆ పొడుగాటి కాగితం రెండేళ్ల ఆమె కష్టం. దాని మీద నల్లేరు మీద నడకలా వేలు పెట్టి చూపిస్తున్నాడు, నిన్న కాక మొన్న తుకుమాన్ నుంచి బ్వేనోస్ ఐరెస్‌లో దిగిన మనిషి.

యరారా అనే పాము విషంలో ఒక చిన్న ప్రొటీను ఉంది. దాని కొసన ఏ అమైనో ఆమ్లం ఉందో తేల్చడం నెలిదా పని. అందుకు ఎద్దు క్లోమం నుంచి తీసిన ఎంజైము వాడుతుంది. తిన్న మాంసాన్ని కడుపులో అరిగించే సరుకే అది. ప్రొటీను గొలుసును కొస నుంచి పట్టుకుని, చెరుకుగడ తిన్నట్టు, కణుపు తర్వాత కణుపు కొరుక్కుంటూ పోతుంది. ముందు రాలిందే కొసది. రాలినవాటిని కాగితం మీద పాకించి, మందు చల్లి వేడి చేస్తే ఊదారంగు చుక్కలు తేలతాయి. చిక్కేమిటంటే, చెమట చెయ్యి తగిలినా ఆ మందుకు ఊదారంగే వస్తుంది.

"కొస ల్యూసిన్. ఆ చుక్క ఎంత ముదురుగా ఉందో చూడండి," అంది నెలిదా. "అక్కడ, లైసిన్ చేరే చోట ఉన్నది మరకే. ఒప్పుకుంటున్నాను."

"మరక సంగతి వదిలేద్దాం. మీ ఎంజైమే శుభ్రంగా లేదు. అందులో ఇంకేవేవో కలిసున్నాయి. గొలుసును కొసన కొరికాయో, నడుమ కొరికాయో ఎవరు చెప్పొచ్చారు?"

పుండు మీద కారం చల్లినట్టయింది. మాట నిజం కాబట్టి మంట ఇంకాస్త ఎక్కువైంది.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఇర్మా కెస్లర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ అద్దాలు తుడిచిందంటే ఎవరికో మూడిందన్నమాటే. "కోర్దొబాలో జరిగే శాస్త్రసభలో మనకు ఒక్కరికే చోటు. నెలిదా, రెండు వారాలు ఇస్తున్నాను. శుభ్రమైన ఎంజైముతో చేసి చూపించు. లేదంటే అన్సెల్మో తన పని చదువుతాడు."

ఆ సభలో చదవకపోతే నెలిదా ఫెలోషిప్ అక్కడితో సరి. ఆ తర్వాత మేనత్త మేజోళ్ల దుకాణంలో కౌంటరు వెనక నిలబడాలి. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, అన్సెల్మోకి తప్ప. ఎవరో చెవిలో వేసేసరికి అతని మొహం మాడింది.

మధ్యాహ్నం స్వయంగా మాతే అనే ఆకు టీ కాచి, సొరబుర్రలో పోసుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె తల ఎత్తకుండా గొట్టంతో పీల్చి, ఖాళీ బుర్ర చేతికిచ్చి, "గ్రాసియాస్," అంది.

అక్కడివాళ్లు మాతే తాగుతూ ఆ మాట ఊరికే అనరు. థాంక్స్ అన్నారంటే ఇక నాకు పొయ్యొద్దు అని. మొదటి బుర్రకే అన్నారంటే నువ్వూ వద్దు, నీ మాతే వద్దు అని. అన్సెల్మో ఖాళీ సొరబుర్ర పట్టుకుని వెనక్కి తిరిగాడు.

విదేశపు ఎంజైము సీసా కస్టమ్స్‌లో ఎప్పట్నుంచో మగ్గుతోంది. దాని కోసం కూర్చుంటే పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. అందుకని నెలిదా మొదటి నుంచీ తానే తయారుచెయ్యాలనుకుంది. మతదేరోస్ పశువధశాలలో వాళ్ల నాన్న దోన్ ఫెర్మీన్ పని. ఎద్దు కడుపు కొయ్యగానే క్లోమాన్ని మంచులో వెయ్యాలి. ఆలస్యమైతే అది తనను తానే అరిగించుకుంటుంది. కానీ క్లోమం తేవాల్సిన రోజున ఆమె చలిగదిలో ఎంజైములను వేరుచేసే గాజు కాలమ్ కడుగుతోంది, వదిలి కదలడానికి లేదు.

"నేను వెళ్లి తెస్తాను," అన్నాడు అన్సెల్మో తలుపు దగ్గర నుంచి.

"మీకెందుకండీ శ్రమ? నేను ఓడితే చోటు మీదేగా."

"నోరు జారింది నాది. కాళ్లు అరగాల్సిందీ నావే."

తెల్ల బూట్లు, ఇస్త్రీ కోటు, చేతిలో మంచు బకెట్. ఆ వేషంలో బస్సెక్కి వెళ్లి, రెండు గంటల్లో చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. నెలిదా బకెట్‌లోకి తొంగి చూసింది. ఇంకోసారి చూసింది.

"ఎవరిని అడిగారు?"

"గుమ్మం దగ్గర ఒకాయన్ని. మీ నాన్నగారు లోపల ఉన్నారన్నాడు. ఆయన పని చెడగొట్టడం ఎందుకని, మెత్తగా, తెల్లగా ఉండే గ్రంథి కావాలి, శ్రేష్ఠమైనది, అన్నాను. చాలా మర్యాదగా ఏరి ఇచ్చాడు."

"ఇస్తాడు మరి. మీ బూట్లు చూసి, పెద్దింటి విందుకనుకుని ఉంటాడు." ఆమె పెదవి బిగబట్టింది. "ఇది మొజేహా అండీ. ఎద్దు గొంతు దగ్గరిది. దీన్ని నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ పిండుకుంటారు. దీనికీ క్లోమానికీ బోడిగుండుకీ మోకాలికీ ఉన్న సంబంధం."

బిగబట్టిన నవ్వు ఆగలేదు. బల్ల పట్టుకుని కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. అన్సెల్మో మాత్రం ఆమెనే చూస్తూ, ఇంకో రెండు తప్పులు చేసైనా ఈ నవ్వు మళ్లీ వినాలనుకున్నాడు.

అయితేనేం, మొజేహా వృథా కాలేదు. పెరట్లో ఇనప చువ్వల మీద కాల్చారు. డాక్టర్ కెస్లర్ కూడా రెండు ముక్కలు తిని, ఉప్పు తక్కువైందంది.

"నిమ్మకాయ ఇటివ్వు," అంది నెలిదా అలవోకగా. అన్నాక నాలిక కరుచుకుంది.

"ఏమన్నారు? ఇవ్వు అన్నారా?"

"అన్నాను. ఏం, మర్యాద తగ్గిందా?"

"లేదు. ఇదే బాగుంది. నువ్వే తీసుకో," అని నిమ్మచెక్క ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి మతదేరోస్ వెళ్లారు. దోన్ ఫెర్మీన్ కత్తి తుడుచుకుంటూ అన్సెల్మోని కిందనుంచి పైదాకా చూశాడు. "క్లోమం అడగమంటే మొజేహా పట్టుకెళ్లిన డాక్టరు ఈయనేనా, అమ్మాయ్?"

"అవును నాన్నా. కాస్త మెల్లగా."

"నేనేమన్నానే ఇప్పుడు? బాబూ, ఆ కోటు విప్పి ఈ ఏప్రన్ కట్టుకో. చేతులు పట్టు. వేడిగా ఉంటుంది, జారవిడిచావో, మా అమ్మాయి నిన్నే మంచులో వేస్తుంది."

తిరిగొచ్చేటప్పుడు జోరున వాన. ఇద్దరికీ ఒకటే గొడుగు. బకెట్ తడవకూడదని గొడుగు బకెట్‌కి పట్టారు. అతని భుజం ఆమె భుజానికి తగిలినప్పుడల్లా నెలిదా వీధి అవతల బోర్డులు చదివింది. ఒక్కటీ తలకెక్కలేదు.

ఆ తర్వాత పదిరోజులు చలిగదే లోకం. రుబ్బడం, వడకట్టడం, ఉప్పు వేసి విరగ్గొట్టడం, కాలమ్‌లో పొయ్యడం. వేరుపడిన మిగతా భాగాన్ని పారబోయమన్నాడు అన్సెల్మో. "ఎద్దులో పారేసేది మా ఇంట్లో ఉండదు," అని ఆమె దాన్ని సీసాలో పోసి మంచులో దాచింది. చివరికి ఒక ఉదయం గాజు అడుగున సన్నటి స్ఫటికాలు మెరిశాయి. అంత శుభ్రమైన ఎంజైము ఆ ప్రయోగశాలలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

ప్రొటీనులో కలిపారు. కాగితం మీద పాకించారు. మందు చల్లి వేడి చేశారు.

ఏమీ రాలేదు. ల్యూసిన్ లేదు, మరకా లేదు. కాగితం తెల్లగా ఉంది.

"అంతా పోయింది," అంది నెలిదా. అత్త మీద కోపం దుత్త మీద చూపించే మనిషి కాదు, కానీ ఆ క్షణాన ఎదురుగా ఉన్నది అతనొక్కడే. "సంతోషమేగా? శుభ్రం, శుభ్రం అని నా చేతే నా పని చెరిపించావు. వెళ్లు, కోర్దొబాకి పెట్టె సర్దుకో."

ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి బయటికి నడిచాడు.

నెలిదా ఏడ్చింది. కాసేపే. ఆమెది ఉడుంపట్టు. ముక్కు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంది.

ఎంజైము చచ్చిందా? తెలిసిన ప్రొటీను ఒకటి దాని ముందు పెట్టింది. శుభ్రంగా కొరికింది. అంటే దాని పళ్లు గట్టివే. తన ప్రొటీను కొసనే దాని పంటికి లొంగనిది ఏదో ఉంది. ఈ ఎంజైము ముట్టనివి కొన్నే. అందులో లైసిన్ ఒకటి.

లైసిన్.

పాత కాగితాలన్నీ తీసి నేల మీద పరిచింది. ఆ పల్చటి మరక ప్రతి కాగితంలోనూ ఉంది. ప్రతి దాంట్లోనూ అదే చోట. వేలి మరకైతే ఒకనాడు ఇక్కడ, ఒకనాడు అక్కడ పడాలి. ఎన్నాళ్లుగానో కళ్లెదుట ఉన్నదాన్ని తానూ మరకే అంది, అతనూ మరకే అన్నాడు.

క్లోమంలో ఇంకో ఎంజైము ఉంటుంది, మొదటిదానికి తోబుట్టువు. అది లైసిన్‌ని ఇట్టే కొరుకుతుంది. ఆమె పాత మురికి ఎంజైములో అది కాస్త కలిసి ఉండాలి. అదే ముందు దారి తెరిస్తే, ల్యూసిన్ దాని వెనక రాలింది. ఆ మురికి సరుకులోని ఉప్పు వల్ల లైసిన్ చుక్క చెదిరి మరకలా పల్చబడింది. శుభ్రం చేయగానే దారి మూసుకుపోయింది. మరి ఆ తోబుట్టువు ఇప్పుడెక్కడ? పారబొయ్యని సీసాలో.

రెండు రోజులు పట్టింది. రెండో ఎంజైము ఒక్కటే వేస్తే లైసిన్ వచ్చింది, ఈసారి మరకలా కాదు, నిండుగా, ముదురుగా. రెండూ కలిపి వేస్తే లైసిన్ ముందు, దాని వెనకే ల్యూసిన్. కొసన ఉన్నది లైసినేనని తేలిపోయింది.

డాక్టర్ కెస్లర్ కాగితాలు చాలాసేపు చూసింది. అద్దాలు మాత్రం తుడుచుకోలేదు. "నువ్వే చదువుతున్నావు. అయినా నువ్వు కాకపోతే ఆ చోటు ఖాళీగానే ఉండేది."

"అదేంటండీ? అన్సెల్మో ఉన్నాడుగా."

"శుక్రవారమే వచ్చి వెళ్లనన్నాడు. ఆ చోటు నెలిదాది, ఆమె వెళ్లకపోతే ఎవరూ వెళ్లొద్దు అన్నాడు. ఎందుకని నన్నడక్కు. ప్రొటీన్ల సంగతైతే చెప్పగలను."

శుక్రవారం అంటే తెల్ల కాగితం వచ్చిన రోజు. ఆమె అనరాని మాట అన్న రోజు.

అన్సెల్మో తొట్టి దగ్గర చొక్కా చేతులు మడిచి గాజు గొట్టాలు తోముతున్నాడు. ఆమె వెళ్లి పక్కన నిలబడింది.

"ఆ రోజు నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాది."

"నేను మొదటి రోజు అన్నదానికి అది చెల్లు."

"చెల్లు కాదు. నువ్వు నా పని గురించి అన్నావు, నేను నీ మనసు గురించి అన్నాను." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఇంకో మాట. నువ్వంటే నాకు ప్రేమ. నువ్వు చెప్తావేమోనని ఆగాను. ఎల్లుండి రైలుంది, ఇక ఆగే తీరిక లేదు."

అతని చేతిలో గొట్టం నీళ్లలో మునిగింది. "చెప్దామనే అనుకున్నా. నీ పని తేలకముందు చెప్తే, జాలిపడ్డాననుకుంటావని భయమేసింది."

"ఇప్పుడు తేలింది."

"ఇప్పుడు చెప్తున్నా. నువ్వు బల్ల పట్టుకుని నవ్విన రోజు నుంచీ నాకు వేరే ధ్యాస లేదు, నెలిదా."

పక్క బల్ల దగ్గర ఇద్దరు పని మానేసి చెవులు రిక్కించారు. నెలిదా వాళ్లని ఒక్క చూపు చూసి, సబ్బు నురగతో ఉన్న అతని చెయ్యి పట్టుకుంది.

రేతీరో స్టేషన్‌లో దోన్ ఫెర్మీన్ కూతురి పెట్టె ఎక్కించి కిందికి దిగాడు. ప్లాట్‌ఫారం మీద అన్సెల్మో బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు.

"నువ్వెళ్లడంలా?"

"ఒక్కరికే చోటండీ."

"ఊఁ." ముసలాయన కాసేపు కూతుర్ని చూశాడు, కాసేపు అతన్ని చూశాడు. "ఈ ఊళ్లో నీకెవరున్నారు? ఆదివారం పూట ఒక్కడివీ ఏం తింటావు? మా ఇంటికి రా. వాళ్లమ్మ నిన్ను చూడాలంటోంది. అమ్మాయి వచ్చేదాకా ఆగమన్నా, వినట్లేదు."

రైలు కదిలింది. కిటికీలోంచి నెలిదా చూస్తూనే ఉంది. ఇద్దరూ గేటు వైపు నడుస్తున్నారు. వాళ్ల నాన్న ఏదో చెబుతూ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎవరి మీదా అంత తేలిగ్గా పడదని ఆమెకి తెలుసు.

వాళ్లు కనబడనంత దూరం వచ్చాక, చదవాల్సిన కాగితాలు ఒళ్లో పెట్టుకుని, మొదటి వాక్యం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఎదుటి సీటు ముసలమ్మ ఉలిక్కిపడి లేచింది.

"ఏమిటమ్మా అది?"

"రేపు ఒక సభలో చెప్పాలండీ. మీరు వింటారా?"

"అర్థమవుతుందా నాకు?"

"అయ్యేదాకా చెప్తాను," అంది నెలిదా.